ముత్తన్న బండి పాట

పోయినవారం పాస్టర్ చంద్రకాంత్‌ను ఇంటి వసారాలో నోరు తెరిపించి వదిలేశాం. పాపం, వారమంతా ఆ నోరు అలాగే తెరిచి ఉందనుకోకండి. యాకోబు అటు వెళ్లగానే మూసుకున్నాడు. అసలు చిక్కు అదే.

కొత్తగా వచ్చిన పాఠకులకు నాలుగు ముక్కలు. చంద్రకాంత్ బంట్వారం దిక్కున ఉన్న బండమీదిపల్లి సంఘానికి కాపరి. ఏ ఊరికి బదిలీ అయితే ఆ ఊరి చరిత్ర రాయడం, పండుగ వస్తే ఓ పాట అల్లడం ఆయనకున్న రెండు జబ్బులు. బండమీదిపల్లికి వచ్చింది మొన్న ఎండాకాలంలోనే. ఈ ఆదివారానికి అక్కడి చర్చికి నూరేళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా సంఘపెద్ద యాకోబు తన ముత్తాత ముత్తన్న పేరుతో చర్చి ముందు ఒక రాతిఫలకం నిలబెట్టిస్తున్నాడు. గత్తర, అదే కలరా, వచ్చిన ఏడు ఊరంతా తలుపులు బిగించుకుంటే, తన ఎద్దులబండి మీద పీనుగుల్ని చేరవేసి మట్టి చేసిన పుణ్యాత్ముడట ఆ ముత్తన్న. ఋజువేమిటంటే ఊళ్లో ఆడవాళ్లు తరతరాలుగా పాడుతున్న పాట. చావుకు తప్ప ఆ పాట ఎత్తరు. చంద్రకాంత్ వచ్చాక సంఘంలో ఎవరూ పోలేదు గనుక ఆయన చెవిన పడలేదు. పోయినవారం వసారాలో కూర్చుని యాకోబే గొంతు తగ్గించి రెండు పాదాలు వినిపించాడు. అవి ఫలకం మీద చెక్కిస్తానని, చరిత్ర పుస్తకంలో కూడా ఎక్కించమని అడిగాడు.

పాస్టరు నోరు తెరుచుకున్నది అప్పుడే. ఆ పాట తరతరాలది కాదు. నలభై ఏళ్ల కిందట, ఇంకా మీసం సరిగ్గా దిద్దుకోని వయసులో, ధారూర్ క్రైస్తవ జాతరలో భజన కోసం తానే రాశాడు. ముత్తన్నను తానే పుట్టించాడు.

పాట కట్టేవాళ్లు ఆఖరి చరణంలో తమ పేరు పెట్టుకోవడం మామూలే. చంద్రకాంత్ పెట్టుకోలేదు. మహిమంతా దేవుడికే చెందాలన్న పంతం. వినయం కూడా ముదిరితే ఎంత పని చేస్తుందో చూడండి. జాతరకు వచ్చిన జనం ఎడ్లబండ్లలో, రైల్లో, లారీల్లో ఆ పాటను తలా ఓ ఊరికి పట్టుకుపోయారు. పేరులేని పాట గనుక అందరిదీ అయింది. అందరిదీ అయ్యాక పాతదైంది. పాతది గనుక నిజమైంది.

ఇక ఆ వారం ఆయన ఒక్కచోట కూర్చుంటే ఒట్టు. ప్రసంగం రాద్దామని కూర్చుని లేచాడు. చర్చి దాకా వెళ్లి తాళం తీయకుండానే వెనక్కి వచ్చాడు. ఇంకో ఏడాదిలో రిటైరవుతున్న మనిషి. పని చేసిన ప్రతి ఊరికీ చరిత్ర రాశానని ఆయనకు లోపల కాస్త గర్వం ఉండేది. ఆ చరిత్రలన్నీ దేని మీద నిలబడ్డాయి? ముసలివాళ్ల మాటల మీద, ఆడవాళ్ల పాటల మీద. వాటిలో ఇంకెన్నింటిని ఏ మీసంరాని కుర్రాడు అల్లి వదిలాడో! ఈ ఆలోచన వచ్చినప్పటినుంచి ఆయనకు అన్నం సయించడం లేదు.

శుక్రవారం పొద్దున ఆయన వాకిట్లో ఆ చివరినుంచి ఈ చివరికి తిరుగుతుంటే, భార్య పద్మారాణి బియ్యం చెరిగే చాట కింద పెట్టింది.

"మీరు నడిచిన నడకకు ఈపాటికి తాండూరు వచ్చేటిది," అంది. "చెప్పదలుచుకుంటె పోయి చెప్పుండ్రి. లేకుంటె ఒక్కకాడ కూసోండ్రి. మిమ్మల్ని చూస్తాంటె నాకు కండ్లు తిరుగుతున్నయి."

"చెప్తె యాకోబు ఏం గావాలె?"

"చెప్పకుంటె మీరేం గావాలె?"

పద్మారాణి లోపలికి వెళ్లి బండి తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టింది. ఆమెకు భర్త కవిత్వం మీద పెద్ద గౌరవమేమీ లేదు గానీ భర్త మీద ఉంది.

"ఇయ్యాల చెక్కుతరట. జల్ది పోండ్రి," అంది.

తాండూరులో యాకోబుది బండల పాలిష్ కార్ఖానా. ఒకప్పుడు కరణ్‌కోట గనుల్లో రాళ్లెత్తిన మనిషి, రూపాయి రూపాయి కూడబెట్టి రెండు మిషన్లు పెట్టుకున్నాడు. చంద్రకాంత్ చేరేసరికి కోత మిషను చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది, నేలంతా తెల్లటి రాతిబురద. ఓ మూల నీడలో అక్షరాలు చెక్కే నిసార్ ముక్కుకు దస్తీ కట్టుకుని ఫలకం ముందు గొంతుక్కూర్చున్నాడు. పక్కూళ్ల సమాధుల మీద సగం పేర్లు అతని చేత్తో చెక్కినవే. నీలిరంగు నాపరాయి మీద 'ముత్తన్న' అన్న పేరు అప్పటికే లోతుగా, అందంగా దిగిపోయింది. దాని కింద సుద్దముక్కతో రెండు పాదాలు రాసి ఉన్నాయి.

*ఎద్దుల మెడ గంటలిప్పి సంచిల గట్టి*
*సద్దు జేయక వచ్చె ముత్తన్న బండి*

"సలాం అయ్యగారూ. మంచిగ యాళ్లకు వచ్చిన్రు," అన్నాడు నిసార్ దస్తీ కిందికి లాగి. "జర తప్పులున్నయేమో చూడుండ్రి. ఒక్కసారి ఉలి పడ్డదంటె ఇగ నేనేం జెయ్యలేను."

"ఆగు నిసార్ భాయ్. ఉలి పెట్టకు," అన్నాడు చంద్రకాంత్.

యాకోబు ఆఫీసు గదిలోంచి నవ్వుతూ వచ్చాడు. అరవై దాటినా కండ సడలని మనిషి. "వందనాలయ్యగారూ!" అని, మాట వినిపించడం లేదని చెయ్యెత్తి మిషను ఆపించాడు. పని ఆగిపోయింది. చెప్పకుండా తప్పించుకోవడానికి పాస్టరుకు ఇక ఏ సాకూ మిగల్లేదు.

"యాకోబన్నా, గీ పాట నేను రాసిన."

"ఏ పాట?"

"గిదే. ముత్తన్న బండి. ట్రైనింగుల ఉన్నప్పుడు జాతర కోసం రాసిన. గత్తర ముచ్చట మా అమ్మమ్మ చెప్పంగ ఇన్న, గంతే. ముత్తన్న అనేటోడు లేడు. గత్తరకు ప్రాస కుదరాలని ఆ పేరు పెట్టిన."

యాకోబు ముందు నవ్వాడు. అయ్యగారు పరాచికాలాడుతున్నాడనుకున్నాడు. పాస్టరు ముఖం చూశాక ఆ నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది.

"మా తాతల కాలం సంది పాడుతున్నరు గద!"

"తాతల కాలం సందని ఎవరన్నరు? నువ్వు చిన్నగున్నప్పుడు ఇన్నవా?"

"ఇన్ననో లేదో యాదికి లేదు. గంటలిప్పి సంచిల గట్టిండని మా నాయిన చెప్పిండు మాకు. ఏ సంచి, ఎట్ల ముడేసిండు, అంత చేతులతోటి చూపిచ్చిండు. అది గూడ మీరే అల్లిన్రా?"

"అది గూడ నేనే అల్లిన. మీ నాయిన గా ముచ్చట పాట ఇన్నంక చెప్పిండా, ఇనకముందు చెప్పిండా?"

చరిత్ర రాసేవాడు అడగవలసిన ప్రశ్న అదే. అడిగాక చంద్రకాంత్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. యాకోబు పక్కనున్న పాలిష్ బండల దొంతి మీద కూర్చున్నాడు.

"నాకు తెల్వది అయ్యగారూ. ఒక్కటి తెలుసు. మా నాయిన పటేలింట్ల జీతమున్నడు. ఊళ్లె ఒక్కడు ఆయన్ని పేరు పెట్టి పిలువలె. 'ఏయ్' అంటె ఉరికిండు. గా పాట ఊళ్లెకొచ్చినంక, ఎవ్వరి చావైనా మా నాయిన్ని పిలిచిన్రు. ముత్తన్న మనుమడు రావాలె, మొదటి పిడికెడు మట్టి ఆయన చేతిదే పడాలె అన్నరు. అప్పటి సంది మా నాయిన నడక మారింది. నా కండ్లతోటి చూసిన. ఆయన పోయినంక నేను ఏస్తున్న గా మట్టి. గిప్పుడు మీరొచ్చి ప్రాస అంటున్రు."

చంద్రకాంత్ జీవితంలో ఎన్నో పాటలు రాశాడు, కొన్నింటికి బహుమానాలొచ్చాయి, ఒకట్రెండు రేడియోలో వచ్చాయి. ఏ పాటా ఒక మనిషి నడకను మార్చిందని ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు ఆ మాట విన్నందుకు సంతోషించాలో, దాన్ని కూలగొట్టడానికి వచ్చినందుకు ఏడవాలో తెలియక నిలబడ్డాడు.

"అన్నా, రాయి మీద అబద్ధం ఎక్కితె దిగదు," అన్నాడు చివరికి. "రేపు పిల్లలు అదే చదువుతరు. నేను రాసిన పుస్తకం నేనే నమ్మకుంటె ఎట్ల?"

"మీరు రాసినట్టు ఏమన్న గుర్తున్నదా? పాటల మీ పేరున్నదా?"

"లేదు. పెట్టలె."

"మరి మీదని నేనెట్ల నమ్మాలె?" యాకోబు లేచాడు. గొంతుకు పదును వచ్చింది. "ఊళ్లె పాట ఎత్తేది నాగవ్వ. వాళ్లత్త తాన నేర్సుకున్నది. ఆ ముసలామె మీరు పుట్టకముందు సంది పాడిన మనిషి. పోదం పాండ్రి. నాగవ్వ గిది అయ్యగారి పాట అంటె, నిసార్ భాయ్ గా పేరు చెక్కి తీసేస్తడు, రాయి తీస్కపోయి బురదల ఏస్త. మా పాట అంటె మాత్రం మీరు ఆదివారం నాడు నోరెత్తకుండ ప్రార్థన చెయ్యాలె. మంజూరేనా?"

"మంజూరే," అన్నాడు పాస్టరు.

నిసార్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఉలి పక్కన పెట్టి బీడీ వెలిగించుకున్నాడు.

యాకోబు పాత బొలెరోలో ఇద్దరూ బయల్దేరారు. దారి పొడుగునా కందిచేలు కాయ బరువుకు వంగి ఉన్నాయి. మామూలుగా అయితే చంద్రకాంత్ ఆ చేలు చూసి ఓ పాదమైనా గొణుక్కునేవాడు. ఇవాళ మోకాళ్ల మీద వేళ్లు ఆడిస్తూ, సీట్లో ముందుకీ వెనక్కీ జరుగుతూ కూర్చున్నాడు. తన మాటే నెగ్గితే పక్కనున్న మనిషి తల వంగుతుంది. నెగ్గకపోతే తాను ఇన్నేళ్లు రాసిందంతా గాలి మూట అవుతుంది. ఏది కోరుకోవాలో దేవుణ్ణి అడుగుదామంటే ప్రార్థన కూడా కుదురుగా సాగలేదు.

నాగవ్వ ఇంటిముందు అరుగు మీద పచ్చి కందికాయ ఒలుస్తోంది. డెబ్భై దాటిన మనిషి, పళ్లు పోయాయి గానీ గొంతు పోలేదు. ఇద్దరు పెద్దమనుషులు ఒకేసారి దిగేసరికి, "ఎవ్వరు పోయిన్రు కొడుకా?" అంది ముందుగా.

"ఎవ్వరు పోలె పెద్దమ్మా. ముత్తన్న బండి పాట ఎవ్వరిదని పంచాయితి వడ్డది. ఒక్కసారి పాడు," అన్నాడు యాకోబు.

"పాటకు పట్టా ఉంటదా, పంచాయితి పెడ్తందుకు?" నాగవ్వ గింజలు కొంగులోంచి గిన్నెలో పోసింది. "సావు లేనింట్ల గా పాట పాడితె సావును పిలిచినట్టే. నేను పాడ."

"అవ్వా, జర నా కోసం," అన్నాడు చంద్రకాంత్. ఆ గొంతులో ఏముందో గానీ ముసలామె ఆయన్ను కాసేపు చూసింది.

"ఇనాల్నంటె బొందలగడ్డ కాడికి నడువుండ్రి. ఆడైతె పాడుత."

ఊరి వెనక బొందలగడ్డ దాకా ముగ్గురూ నడిచారు. పాత గోరీలు కొన్నింటికి గుండ్రాళ్లే గుర్తులు, కొత్తవాటికి తాండూరు బండలు. నాగవ్వ భర్త సమాధి గట్టు మీద కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుని, చేత్తో తొడ మీద తాళం వేసుకుంటూ ఎత్తుకుంది.

*ముత్తన్న బండొచ్చెరో మా వాడకు*
*సత్తువిడిసిన యాళలో*

*గత్తరొచ్చిన ఏడు గడపలన్ని మూసిరి*
*ఎత్తెటోళ్లు లేక ఎందరో పండిరి*
*ఎద్దుల మెడ గంటలిప్పి సంచిల గట్టి*
*సద్దు జేయక వచ్చె ముత్తన్న బండి*

చంద్రకాంత్ పెదవులు ఆమెకంటే ఒక పదం ముందు కదులుతున్నాయి. ఒక్క మాట పోలేదు, ఒక్క మాట మారలేదు. పాస్టరు గదా, గర్వపడకూడదు. కానీ కవి గదా, ఎలా ఊరుకుంటాడు? తాను హార్మోనియం ముందు కూర్చుని కట్టిన వరసకు ఈ ముసలి గొంతు ఎక్కడెక్కడో వంపులు తెచ్చింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆఖరి చరణం అయిపోయింది. తాను పేరు పెట్టకుండా వదిలేసిన చోటు అది.

ఆయన యాకోబు వైపు తిరిగాడు, ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలని. నాగవ్వ మాత్రం ఆగలేదు. ఊపిరి తీసుకుని, గొంతు ఇంకాస్త తగ్గించి ఇంకో చరణం ఎత్తింది.

*గంటలిప్పితె యేమి, గాజులు మోగవా*
*పగ్గాలు వట్టింది గాజుల చెయ్యి*
*ముత్తన్న మంచాన ముడుసుకోని పండె*
*సత్తోళ్ల నెత్తింది గాజుల చెయ్యి*

చంద్రకాంత్ పెదవులు ఆగిపోయాయి.

"అవ్వా, గీ చరణం నాది కాదు."

"కాదు. మా అత్తది," అంది నాగవ్వ తొణక్కుండా. "పాట మీదే అయ్యగారూ. జాతర కాడ బక్కపలచటి పిలగాడు హార్మోనియం కొట్టుకుంట పాడిండు. మేమే నేర్సుకోని పట్టుకొచ్చినం. మీరే గా పిలగాడని గిప్పుడే ఎరుకైంది. మా అత్త ఇన్నది, ఇని నవ్వింది. 'గిది కట్టినోడు మొగోడే ఉంటడు, బండి అనంగనే మొగోని చేతికిచ్చిండు' అన్నది. గత్తర రాని ఊరున్నదా, బండి లేని ఊరున్నదా? మా ఊళ్లె గూడ ముత్తన్న ఉండె, ఆయనకు బండి ఉండె. మీ పాట మా ఊరికి సరిపోయింది. ఒక్కకాడ సరిపోలె. ఆమె సరిజేసింది."

"ఆమె చూసిందా?"

"పసిపోరి అప్పుడు. తలుపు సందుల కెళ్లి చూసిందట. గా చరణం మొగోళ్ల ముందు పాడం. మట్టి పోసి మీరంత ఇంటికి మళ్లినంక, మేం ఆడోళ్లం మిగిలి పాడుకుంటం. ఇయ్యాల మీరు అడిగిన్రని పాడిన."

చంద్రకాంత్‌కు వారం రోజులుగా గుండె మీదున్న బరువంతా ఒక్కసారి దిగిపోయింది. సంతోషం పట్టలేక నవ్వేశాడు. తాను పుట్టించాననుకున్న మనిషి నిజంగా ఉన్నాడు. బండి నిజంగా నడిచింది. నడిపిన చెయ్యి మాత్రం వేరు. ఇంతకంటే గొప్ప చరిత్ర తాను ఏ ఊళ్లో రాశాడు?

"యాకోబన్నా, ఇన్నవా! బండి తోలింది ముత్తన్న పెండ్లామట. మీ ముత్తవ్వ! రాయి బురదల ఏసుడెందుకు, పేరొక్కటి మారిస్తె సాలు. ఆదివారం నేనే నిలబడి చెప్త, నీ తల ఏడ వంగుతది? ఇంక పైకి లేస్తది," అంటూ జేబులోంచి పెన్ను తీశాడు. "అవ్వా, ఆమె పేరు చెప్పు."

నాగవ్వ యాకోబును చూస్తోంది. చంద్రకాంత్ కూడా అప్పుడే చూశాడు. యాకోబు నవ్వడం లేదు. నల్లటి ముఖం బూడిద రంగుకు తిరిగింది, మనిషి పక్కనున్న సమాధి బండను పట్టుకుని నిలబడ్డాడు.

"పేరు అడగకుండ్రి," అన్నాడు.

"ఎందుకు? నీకు తెలుసా?"

"నేను చెప్పరాదు అయ్యగారూ," అంది నాగవ్వ. "వాళ్లింట్ల ఆ పేరు ఎత్తద్దని ఒట్టు పెట్టుకున్నరు. యాకోబుకు తెలుసు, వాళ్ల నాయినకు తెలుసు, వాళ్ల తాతకు తెలుసు."

"ఊరిని కాపాడిన మనిషి పేరు ఇంట్ల ఎత్తద్దని ఒట్టా? ఏం పాపం చేసిందని?"

నాగవ్వ కొంగు దులుపుకుని లేచింది. ఊరి వైపు ఓసారి చూసి, ఎవరూ రావడం లేదని తేల్చుకున్నాక మెల్లగా అంది.

"బండి మీదికి ఎక్కించినోళ్లందరు సచ్చినోళ్లేనా, ఊపిరున్నోళ్లు గూడ ఉన్నరా అని యాకోబునే అడుగుండ్రి."

పాస్టరు అడగలేదు. ఆ అవసరం లేకపోయింది. యాకోబు ముందుకు వచ్చి, పెన్ను పట్టుకున్న ఆయన చేతిని రెండు చేతులతో మూసేశాడు. పొద్దున అంత పదునుగా మాట్లాడిన మనిషి ఇప్పుడు బతిమాలాడు.

"అయ్యగారూ, మీరు రాసిన అబద్ధమే మంచిగున్నది. గదే ఉండనియ్యుండ్రి."